పంచాయతీ గడప దాటని అంతర్జాలం

సెల్‌ఫోను సంకేతం అందిన ప్రతి గ్రామానికీ అంతర్జాలం చేరినట్లేనని పాలకులు లెక్క చూపుతున్నారు. ఒకే ఫోనును ముగ్గురు పిల్లలు పంచుకొనే ఇంట్లో, పాఠం మధ్యలో సంకేతం తెగిపోయే వీధిలో ఆ లెక్క నిలవదు.

దూరం, వ్యయం అనే సాకులు ఇరవై ఏళ్ల క్రితమే వీగిపోయాయి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న తమిళనాడులోని తేని ప్రాంతమే అందుకు సాక్ష్యం. 2000ల దశకం మధ్యలో అరవింద్ కంటి ఆసుపత్రి, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి సాధారణ వైఫై రేడియోలకు ఒకే దిశలో ప్రసరించే ఏంటెన్నాలు అమర్చి, గ్రామీణ నేత్ర కేంద్రాలను ఆసుపత్రితో కలిపారు. నేల తవ్వి తీగ వేయకుండానే, కిలోమీటర్ల దూరంలోని రోగితో వైద్యుడు తెరపై ముఖాముఖి మాట్లాడగలిగాడు.

చట్టం అడ్డుగా ఉన్నదా? లేదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కేంద్రం 2005లోనే లైసెన్సు నుండి మినహాయించింది. 2020 డిసెంబరులో ఆమోదం పొందిన పీఎం-వాణి పథకం కింద కిరాణా కొట్టు యజమాని సైతం లైసెన్సు గాని, రుసుము గాని లేకుండా వైఫై సేవ అందించవచ్చు.

డబ్బు లేదా? టెలికాం సంస్థల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవా నిధికి, అనగా నేటి డిజిటల్ భారత్ నిధికి, ఉద్దేశించినది. ఆ సొమ్ముకు మూలం మనం కట్టే బిల్లులే. ఆ నిధితో సాగిన భారత్‌నెట్ రెండు లక్షలకు పైగా గ్రామ పంచాయతీలను కలిపింది. కాని కార్యాలయం దాకా వచ్చిన తీగ ఊరి చివరి బడికి, శివారు పల్లెకు అందకపోతే ఎవరికి ప్రయోజనం? ఆ మిగిలిన దూరాన్ని వైర్‌లెస్ దాటించగలదు.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను రాజ్యాంగంలోని 350ఎ అధికరణం రాష్ట్రాలపై ఉంచింది. అంతర్జాల సౌలభ్యం విద్యాహక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు పేర్కొన్నది. ఈ రెండింటినీ కలిపి చదివితే, తెలుగు పుస్తకం దొరకని సరిహద్దు బడికి అంతర్జాలం కోరడం యాచన కానేకాదు. అయితే తెలుగు ఉపాధ్యాయుని నియామకానికి ఇదే ప్రత్యామ్నాయమని ఏ అధికారి అన్నా అంగీకరించరాదు.

మన పంచాయతీకి భారత్‌నెట్ ఎప్పుడు వచ్చింది? నేడు పనిచేస్తున్నదా? బడికి ఎందుకు చేరలేదు? ఈ మూడు ప్రశ్నలను గ్రామసభలో అడిగి తీర్మానంగా నమోదు చేయించండి. సమాధానం రాకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. ముప్పై రోజులలో జవాబివ్వడం వారి విధి. అడగడం మన విధి.