భర్తను జేరుటకు భాషాపరీక్ష

హాలెండునందు స్థిరపడిన భర్తను జేరగోరు స్త్రీయు, భార్యను జేరగోరు పురుషుడును స్వదేశమును విడుచుటకు ముందే డచ్చి భాషలో పరీక్షయిచ్చి గెలువవలెనను శాసనము 2006 మార్చి 15వ తేదీనుండి యమలునం దున్నది. వివాహమైనది, పెద్దలు దీవించిరి, ఇంక గావలసినది డచ్చి ప్రభుత్వమువారి యుత్తీర్ణతాపత్రము! ఇట్టి యేర్పాటును లోకమునకు మొట్టమొదట జూపిన కీర్తి వారిదే.

ఒక దేశమున నివసింపనెంచువాడు ఆ దేశభాష నేర్వవలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. స్వభాషాభిమానమును నిత్యము ప్రశంసించు మేము డచ్చివారి స్వభాషాభిమానమును నిందింపజాలము. అంగడిలో బేరమాడుటకును, వైద్యునితో బాధ చెప్పుకొనుటకును, బిడ్డ చదువెట్లున్నదని పంతులు నడుగుటకును ఆ భాష కావలసినదే. మా యాక్షేపణ భాషపై గాదు, దానిని వాకిట గడియగా బిగించుటపైన.

పరీక్షకు మూడు భాగములు: మాటలాడుట, చదువుట, డచ్చి సమాజమును గూర్చిన పరిజ్ఞానము. చదువు భాగము 2011లో జేర్పబడినది. అభ్యర్థి డచ్చి రాయబార కార్యాలయమునకు బోయి కంప్యూటరు నెదుట గూర్చుండి, అది యడిగినదానికి బదులు చెప్పవలెను. పుస్తకము కలదు, చలనచిత్రము కలదు. నేర్పు గురువును మాత్రము ప్రభుత్వము పంపదు. గొంతును గీరి పలుకవలసిన డచ్చి గకారమును దప్పు పలికిన నిది తప్పని చెప్పువా రెవరు? ఏ నామమునకు ముందు ‘దె’ యనవలెనో, దేనికి ‘హెట్’ అనవలెనో దిద్దువా రెవరు? సమాజపరిజ్ఞానమునకు నూరు ప్రశ్నలు బొమ్మలతో ముందే ప్రకటించియున్నారు. వానినుండి ముప్పది యడుగుదురు. ఫలిత మేమన, అర్థమెరుగక నూరును వల్లెవేయుటయే. అర్థము లేని వల్లెవేతను మన వీథిబడులలో జూచి నవ్విన పాశ్చాత్యులే నేడు దానిని రాజశాసనముగా జేసికొనిరి!

ప్రమాణ మత్యల్పమని సమర్థకు లందురు. తన పేరు, ఊరు, ఇంటివారిని గూర్చి చిన్నవాక్యములు చెప్పగలిగిన జాలునట. అల్పమే, కాని యెవరికి? రోమను లిపి నెరిగి, ఇంగ్లీషు చదివి, ఇంట నంతర్జాలము గల పట్టణవాసికి. మొరాకో దేశపు రిఫ్ కొండలలో బెర్బరు భాష మాటలాడుచు, బడి మొగము జూడక పెరిగిన యువతికి మొదట అక్షరము, తరువాత పరాయిభాష, ఆపై కంప్యూటరు, ఇవన్నియు నొక్కమారే కొండలై నిలుచును. శుల్కము మొదట 350 యూరోలు. తప్పినవారు మరల మరల జెల్లింపవలసినదే. అజర్‌బైజాను, నైజీరియా దేశముల స్త్రీ లిరువురి వ్యాజ్యమున 2015 జూలై 9న యూరోపీయ న్యాయస్థానము తీర్పుచెప్పుచు, పరీక్ష పెట్టవచ్చును గాని, అది కుటుంబము కలిసికొనుటను అసాధ్యముగను మితిమీరి కష్టముగను జేయరాదనెను. పిమ్మట శుల్కము 150కి దిగినది. న్యాయస్థానము మందలించువరకు తగ్గింపవలెనని తోపకపోవుటయే విశేషము.

ఇంతకును అందరికిని పరీక్ష యున్నదా? లేదు. యూరోపీయ సమితి పౌరులకు లేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, జపాను, దక్షిణ కొరియా దేశములవారికిని లేదు. టోక్యోనుండి వచ్చు వధువునకు డచ్చి రాకున్నను సమాజమునకు గీడు లేదు. రిఫ్ కొండలనుండి వచ్చు వధువునకు రాకున్న గీడు! భాషయే యుద్దేశమైనచో నీ భేద మెందులకు? ఇది జాతినిబట్టి వివక్షయని మానవహక్కుల సంస్థయైన హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లోనే యాక్షేపించినది.

మన తెలుగువారి సంగతియు జూడుడు. హైదరాబాదునుండి నిపుణోద్యోగి యనుమతిపై ఆమ్‌స్టెల్‌వేన్ చేరిన యువకుని భార్యకు పరీక్ష లేదు. అతడే యేండ్లు గడిపి, డచ్చి నేర్చి, పౌరసత్వము పొంది, పిమ్మట గుంటూరి కన్యను వివాహమాడినచో నామెకు బరీక్ష! కొంతకాలముండి పోవువాని యిల్లాలికి మినహాయింపు, శాశ్వతముగా నిలిచి రాజభక్తి జూపినవాని యిల్లాలికి నిర్బంధము. మినహాయింపు పొందిన మన సోదరులు తమకు బాధ లేదని యూరకుండుట తగదు. తమ ముంగిటి తలుపు తెరచియున్నదని పొరుగింటి గడియను జూడకపోవుట యే నీతి?

చరిత్ర నొకింత తలపునకు దెచ్చుకొందము. డచ్చి వర్తకులు మచిలీపట్టణమున 1605లో దిగిరి. భీమునిపట్టణమున వారి గోరీలు నేటికిని నిలిచియున్నవి. సుమారు రెండువందల యేండ్లు మన నేతవస్త్రముల నోడల కెత్తుకొనిపోయిరి. రేవున దిగుటకు ముందు తెలుగులో నూరు ప్రశ్నలు వల్లింపుడని వారి నెవరడిగిరి?

ఈ తొలిపరీక్షవలన స్త్రీలకే మేలనియు, భాష రాని వధువు ఇంట బంధితురాలగుననియు మరియొక వాదము. ఆమె క్షేమమే కోరినచో రాటర్‌డాములో నామెకు బడి యున్నది, పంతులున్నాడు, వీథిలో మాటలాడు ఇరుగుపొరుగున్నారు. 2022 జనవరి 1న అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, అచ్చట జేరిన పిమ్మట మూడేండ్లలో నింతకంటె బెద్ద పరీక్ష యెట్లును నున్నది. ఆ పరీక్ష నుంచుకొందురుగాక. దానికి బోధనయు నిత్తురుగాక. రాయబార కార్యాలయమందలి యీ తొలిపరీక్షను రద్దుచేయవలెను. అందాక, ఏ దేశపు వధువునకు లేని శుల్కము మరి యే దేశపు వధువునకు నుండరాదు.