చీకటి పడేదాకా లేసులు కట్టుకుంటే...

సాఫ్ట్‌బాల్‌కు ఏడు ఇన్నింగ్స్ అని మనందరికీ తెలుసు. కానీ స్కూల్ పోటీల్లో ఏడూ పూర్తయ్యే మ్యాచ్‌లు ఎన్ని? చీకటి పడుతుంది. లేదా "ఇంత టైం అయ్యాక కొత్త ఇన్నింగ్స్ లేదు" అని ముందే చెప్పేస్తారు. కొందరి తెలివి బయటపడేది సరిగ్గా ఇక్కడే. ఒక్క రన్ ఆధిక్యం రాగానే పిచర్ బంతి పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. క్యాచర్ తీరిగ్గా నడిచివెళ్లి ఏదో గుసగుసలాడుతుంది. షూ లేసు ఊడుతుంది, కట్టాక మళ్లీ ఊడుతుంది. అవతలి జట్టు బ్యాట్లు పట్టుకుని పొద్దు వంక చూస్తుంటుంది. అందులో పదో తరగతి అమ్మాయిలకు స్కూల్ జెర్సీలో అదే ఆఖరి మ్యాచ్ కావచ్చు.

మరి రూల్ లేదా అంటే, ఉంది. బంతి అందాక పిచర్ 20 సెకన్లలో వేయాలి, లేకపోతే బ్యాటర్‌కు ఒక బాల్ ఇస్తారు. బ్యాటర్ 10 సెకన్లలో సిద్ధం కాకపోతే స్ట్రైక్. కావాలని సాగదీస్తే మ్యాచే అవతలివారికి ఇచ్చేసి 7-0 అని రాయొచ్చు. చిక్కంతా ఈ ఆఖరి శిక్షతోనే. అది మరీ పెద్దది కాబట్టి అంపైర్లు వెనకాడతారు. "త్వరగా ఆడండమ్మా" అని నాలుగుసార్లు బతిమాలి ఊరుకుంటారు. ఆ బతిమాలేదాంట్లో మరో రెండు నిమిషాలు పోతాయి. వాళ్లకు కావలసిందీ అదే!

నా అభిప్రాయంలో చిన్న శిక్షను మొదట్లోనే వేయాలి. ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి ఒక్కసారి హెచ్చరించాలి, రెండోసారి బాల్ ఇచ్చేయాలి. క్రికెట్‌లో ఇప్పుడు చేస్తున్నదీ ఇలాంటిదే. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్లు, రెండు హెచ్చరికలు, మూడోసారి 5 పరుగులు. 2024 జూన్ 12న న్యూయార్క్‌లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌లో అమెరికా జట్టు అలాగే దొరికిపోయింది. మన ఇండియాకు 30 బంతుల్లో 35 కావాల్సింది, ఒక్కసారిగా 30 అయింది. కబడ్డీ రైడ్‌కు 30 సెకన్లంటే మనమెవరం వాదించం కదా, ఇదీ అంతే.

అయితే ఒక మాట. మన హాస్టల్ పిల్లల లేసులు నిజంగానే తెగుతాయి. సీనియర్లు వదిలేసిన షూలు మరి! గ్లవ్స్ చాలక అవతలి జట్టును అడిగి తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. దాన్ని ఎత్తుగడ అనుకుంటే అన్యాయం. అలాంటప్పుడు అంపైరే వాచీ ఆపాలి. ఆగిన నిమిషాలు చివర్లో కలపాలి. అప్పుడు దొంగ లేసు కట్టుకున్నా లాభం ఉండదు.

ఇది టోర్నమెంట్ మొదలయ్యే ముందే తేల్చుకోవాలి. ఈసారి జోనల్ పోటీలకు వెళ్లే మన కెప్టెన్ టాస్ దగ్గరే అడగాలి, "సార్, 20 సెకన్లు ఎవరు లెక్కపెడతారు?" అని.