అమెరికా వెళ్తున్నారా? కొత్త ఫోన్ కంటే ముందు పాత నంబర్ సంగతి చూడండి

ఫాల్ సెమిస్టర్ దగ్గర పడగానే జూనియర్ల నుంచి నాకు ఒకటే మెసేజ్: "అన్నా, అమెరికా వెళ్తున్నా. ఏ ఫోన్ తీసుకోమంటావ్?" నేను అడిగేదీ ఒకటే: ఫోన్ సంగతి తర్వాత, నీ ఇండియా నంబర్‌ని ఏం చేస్తున్నావ్?

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఎంఎస్ కోసం వెళ్లేటప్పుడు పాత సిమ్ తీసి ఇంట్లో బీరువాలో పడేశాను. రీఛార్జ్ మాట ఎవరికీ గుర్తులేదు. కొన్ని నెలలకి నాన్నకి అర్జెంటుగా ఆపరేషన్ అన్నారు. నా అకౌంట్‌లో డబ్బులున్నాయి, నెట్ బ్యాంకింగ్‌లో లాగిన్ కూడా అయ్యాను, ఓటీపీ మాత్రం రాలేదు. నంబర్ ఎప్పుడో డీయాక్టివేట్ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఆస్పత్రిలో కట్టింది.

ప్రీపెయిడ్ నంబర్‌ని 90 రోజులు అస్సలు వాడకపోతే ఆపేయొచ్చు. తర్వాత అదే నంబర్‌ని ఇంకొకరికి ఇచ్చేస్తారు కూడా. మన బ్యాంకు, ఆధార్, డిజీలాకర్ అన్నీ ఆ పది అంకెల మీదే నడుస్తాయి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఇండియా నంబర్ ఫిజికల్ సిమ్‌లోనే ఉండాలి, అమెరికా నంబర్ ఈసిమ్‌లో వేసుకోవాలి. ఈసిమ్ మోడర్న్ కదా అంటారేమో. ఫోన్ పగిలిపోతే ఫిజికల్ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే పనైపోతుంది. ఈసిమ్ మార్చాలంటే చాలాసార్లు అదే నంబర్‌కి వచ్చే మెసేజ్‌తో కన్ఫర్మ్ చేయాలి, లేదంటే స్టోర్‌కి వెళ్లాలి. డాలస్‌లో ఉన్నవాడు అమీర్‌పేట స్టోర్‌కి ఎలా వెళ్తాడు?

"అక్కడ ఐఫోన్ చవక, వెళ్లాక కొంటా" అనేవాళ్లు ఒక్కటి గమనించండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ ట్రే లేదు. ఇక్కడ ఆండ్రాయిడ్ కొని పట్టుకెళ్లేవాళ్లు స్పెక్ షీట్‌లో కెమెరా కంటే ముందు బ్యాండ్లు చూడండి. టీ-మొబైల్‌కి బ్యాండ్ 71, వెరిజాన్‌కి బ్యాండ్ 13 ముఖ్యం. ఇండియా మోడళ్లు చాలావాటిలో ఇవి ఉండవు.

బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేయించుకోండి. ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి, లేకపోతే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. రీఛార్జ్ తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఇంట్లో కూడా ఒకరికి చెప్పి వెళ్లండి. దిగిన రోజే ఒక ఓటీపీ తెప్పించుకుని చూడండి.

నాన్న ఇప్పుడు బాగున్నారు. గాజులు కూడా విడిపించాం. నా పాత నంబర్ మాత్రం పోయింది. వాట్సాప్‌లో దాని పక్కన ఇప్పుడు ఎవరిదో ఫొటో కనిపిస్తోంది.