జంట సిలిండర్లకు గురువు కావలెనా?

సముద్రగర్భమునకు దిగు వినోదము మన దేశమున నిప్పుడంత వింత కాదు. అండమాను దీవులందును, లక్షద్వీపములందును, కర్ణాటక తీరమందలి నేత్రాణి కడను, మన విశాఖపట్టణము చెంతను వీపున సిలిండరు ధరించి నీట మునుగు యువకులు కలరు. ఉద్యోగములకై దేశాంతరములకు బోయిన తెలుగువారిలోను ఈ యభిరుచి గలవారు లేకపోలేదు. కొంత యనుభవము గడించిన పిమ్మట వీరిలో కొందఱకు నొక సందేహము పుట్టుచుండును. ఒక సిలిండరుతో మునుగుట నేర్చితిమి. పరీక్ష నిచ్చి పత్రము పుచ్చుకొంటిమి. ఇక రెండవ సిలిండరు తగిలించుకొనుటకు మఱల గురువును, మఱల రుసుమును, మఱల పత్రమును ఏల? ఒంటెద్దు బండి తోలువానికి జోడెద్దుల బండి తోలుట వేఱుగా నేర్పవలెనా యని వీరి వాదము.

వినుటకు సబబుగానే యున్నది. కాని యెద్దు లొకటైనను రెండైనను బండి నడచు బాట యొక్కటియే. ఇచట బాటయే మాఱిపోవుచున్నది. అది యెట్లో కొంచెము లెక్క వేసి చూచినగాని బోధపడదు.

ముందుగా నొక మాట. డైవరు వీపున నుండు సిలిండరులో ప్రాణవాయువు మాత్రమే యుండునని మనలో పెక్కండ్రు తలంతురు. వార్తలు వ్రాయువారు సైతము ఆక్సిజన్ సిలిండరనియే వ్రాయుచుందురు. సాధారణముగా దానిలో నుండునది మనము పీల్చు గాలియే. 12 లీటర్ల సిలిండరులో దానిని సుమారు 200 రెట్లు అదిమి నింపుదురు. అనగా 2400 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చు మనుష్యుడు 30 మీటర్ల లోతున, అచటి ఒత్తిడి నాలుగింతలగుటచేత, 80 లీటర్లు ఖర్చు చేయును. ఆ లెక్కను 30 నిమిషములలో సిలిండరు వట్టిదగును. దిగుటకును ఎక్కుటకును పట్టు కాలమును, ఆపదకై మిగుల్చుకొనవలసిన గాలిని తీసివేసినచో అడుగున నుండుటకు మిగులునది ఇంచుమించు 20 నిమిషములు. వినోదార్థము మునుగువారు వాడు పట్టికలలో నొకదాని ప్రకారము ఆ లోతున నుండి మధ్య నెచటను ఆగక పైకి రాగల పరిమితియు 20 నిమిషములే. ఈ రెండు లెక్కలు దాదాపు సరిపోవుట డైవరు భాగ్యము. సిలిండరు చిన్నదగుటయే అతనికి కాపలా. గాలి యైపోవచ్చినదని తొందరపడి పైకి వచ్చువాడు, తనకు దెలియకయే, శరీరమునకు హాని కలుగకముందే వచ్చుచున్నాడు.

రెండవ సిలిండరు తగిలించిననాడు ఆ కాపలా పోవును. ఇప్పుడు గాలి 4800 లీటర్లు. అడుగున 40 నిమిషములున్నను గాలి మిగులును. కాని దేహము అట్టి సెలవు నీయదు. ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమునను కండరములందును కరగి చేరును. గోలీసోడా గోలీని నొక్కినప్పుడు బుడగలు పొంగివచ్చుటను మన పిల్లలందఱు నెఱుగుదురు; లోతున నానిన మనిషి ఒక్కసారిగా పైకి వచ్చినచో వాని నెత్తురునందును అట్టి బుడగలే లేచును. కీళ్లనొప్పులతో మొదలై పక్షవాతము వఱకును, మరణము వఱకును పోవచ్చును. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన కట్టించుచున్న ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ జబ్బుననే పడిపోయెను. తరువాతి పనిని ఆయన భార్య ఎమిలీ దగ్గఱనుండి జరిపింపవలసివచ్చెను. నత్రజనియే దీనికి మూలమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లో విశదపఱచెను. మెట్టుమెట్టున ఆగుచు పైకి వచ్చినయెడల అపాయము తప్పునని స్కాట్లండువాడగు హాల్డేన్ మేకలపై పరీక్షలు చేసి, 1908లో పట్టికలు ప్రకటించెను. జంట సిలిండర్లవాడు ఈ మెట్ల విద్యను నేర్చి తీఱవలెను. ఏ లోతున నెంతసేపు ఆగవలెనో తెలిసిన జాలదు. నీటిలో అంగుళము కదలక నిలువగలుగవలెను. పైపెచ్చు, నిండిన జంటలోని గాలియే 6 కిలోలకు దగ్గఱ తూగును. అది ఖర్చగుకొలది మనిషి తేలికయై, సరిగా ఆగవలసిన వేళకే నీరు వానిని పైకి త్రోయుచుండును. దిగునప్పుడే ఈ తేలికను లెక్కకట్టుకొని తగిన బరువు ధరింపనివాడు చివర నేమి చేయగలడు?

ఇది లోతును గుఱించిన మాట. పరికరమును గుఱించిన మాట వేఱొకటి కలదు. జంట సిలిండర్లు గాలి హెచ్చుటకే కాదు, ఒకటి చెడినప్పుడు రెండవది ఆదుకొనుటకు ఏర్పడినవి. రెండింటిని మెడవెనుక నొక అడ్డగొట్టము కలుపును; దాని రెండు కొనలను రెండు వాల్వులు, రెండు రెగ్యులేటర్లు; నడుమ నొక వాల్వు. ఒక రెగ్యులేటరు చెడి గాలి బుసబుస పోవుచున్నప్పుడు దాని వాల్వును మూసివేసినచో మిగిలిన గాలి యంతయు రెండవ రెగ్యులేటరునకు దక్కును. యుక్తి చక్కనిదే. కాని యా బుడగలు తలవెనుక లేచునవి, కంటికి గనబడవు. కుడిదో ఎడమదో చెవితో పోల్చుకొని, చేయి వెనుకకు చాచి, సరియైన పిడిని సరియైన వైపునకు త్రిప్పవలెను. తడబడి మంచిదానిని మూసినవానికి నోటిలోని గాలి నిలిచిపోవును. చెడినది పోవుచునే యుండును. మెత్తని దుస్తులతో ఒడ్డున చేయి అందినవానికి దళసరి యీతదుస్తులు తొడిగిన పిమ్మట అందకపోవుటయు కలదు.

ఇంతకంటె దొంగ అపాయములు రెండు కలవు. ఓడ శిథిలపు అంచునకో గుహ కప్పునకో ఎడమ పిడి రాచుకొనెనేని, మనిషి ముందుకు సాగినకొలది అది తనంత తానే మూసికొనిపోవును. ఆపదకై దాచుకొన్న రెగ్యులేటరు సామాన్యముగా నుండునది ఆ వైపుననే. రెండవది నడిమి వాల్వు. గాలి నింపునప్పుడు అది మూసియున్నచో ఒక సిలిండరే నిండును. లేదా, రెండును నిండి, దిగిన తరువాత అది మూతపడియున్నచో, డైవరు కుడి సిలిండరునుండి పీల్చుచుండగా గేజి ఎడమ సిలిండరును చూపుచుండును. ముల్లు కదలదు. తాను గాలిని పొదుపుగా వాడుచున్నానని అతడు సంతసించుచుండగనే కుడిది వట్టిదగును. ఇట్టివి తెలివిచే ఊహింపదగినవి కావు. ఎఱిగినవాడు చెప్పగా, దగ్గఱనుండి చేయింపగా వచ్చునవి.

దీనికి ప్రతివాదులు చరిత్రను చూపుదురు. కూస్తో, గాన్యా అను ఫ్రెంచివారు 1943లో ఈ పరికరమును సిద్ధపఱచిననాడు బడులెక్కడివి? ఆ తొలినాటివారు రెండేసి, మూడేసి సిలిండర్లు కట్టుకొని దిగలేదా? దిగిరి. కాని వారి సిలిండర్లన్నిటికిని కలిపి రెగ్యులేటరొక్కటియే. అది చెడిన అన్నియు చెడినట్లే. త్రిప్పి మూయవలసిన విద్య యందు లేనేలేదు. మఱియు వారు నిపుణులగు నావికులు. ఒకరి కనుసన్నల నొకరు మునిగినవారు. అయ్యును ఆ జట్టులోని మోరిస్ ఫార్గ్ 1947లో గాలితోనే మిక్కిలి లోతును పరీక్షింపబోయి ప్రాణము గోల్పోయెను. తొలినాటివారు గురువు లేకయే నేర్చిరనుట నిజము. నేర్చుటకు చెల్లించిన వెలను గూడ ఆ లెక్కలో వ్రాయవలెను.

ఆ వెల యెంతయో అమెరికాలోని ఫ్లోరిడా సీమ తెలుపుచున్నది. అచట సున్నపుఱాతి నేలక్రింద నీటిగుహలు కలవు. నీరు అద్దమువలె తేటయైనది. అందుకే యది మోసకారి. అడుగునున్న మట్టిని కాలు తాకెనా, క్షణములో చీకటి. గుహల ద్వారములకడ, కొడవలి పట్టిన మృత్యువు బొమ్మతో, హెచ్చరిక పలకలు నిలిపిరి. ఇట్టి గుహలలో మూడు వందలకు పైగా డైవర్లు చనిపోయిరనియు, వారిలో ఇతరులకు డైవింగు నేర్పు శిక్షకులు సైతము కలరనియు ఆ పలక చెప్పుచున్నది. ఈ కడపటి మాటను మన ప్రశ్నాకర్తలు గమనింపవలెను. వారు నీటికి క్రొత్తవారు కారు. ఈ నీటికి క్రొత్తవారు.

అదే గుహలలో వేలకొలది మాఱులు మునిగిన షెక్ ఎక్స్‌లీ అను ఉపాధ్యాయుడు చనిపోయినవారి కథలను ఒక్కొక్కదానిని విప్పి చూచి 1979లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వెలుపలికి దారిచూపు త్రాడును విడువరాదు. గాలిలో మూడవ పాలు మాత్రమే లోనికి పోవుటకు వాడవలెను. మితిమీఱిన లోతునకు పోరాదు: ఇవి అతడు ముఖ్యముగా కనిపెట్టిన సూత్రములు. తరువాతి వారు వీనికి శిక్షణను, దీపములను జోడించి, శిక్షణను అన్నిటికి ముందు నిలిపిరి. రెండు వాల్వుల అడ్డగొట్టమును సైతము బహామా దీవుల నీటిగుహలను శోధించిన కెనడావాసి జార్జి బెంజమిన్ మూలముననే గుహలవారు పొందిరి. అనగా నేడు దుకాణములో దొరకు ఈ జంట యొక ఆపదనుండి పుట్టిన సాధనము. దానిని కొని, దాని వెనుకనున్న పాఠమును మాత్రము వదలివేయుదు మనుట సబబు కాదు.

ఇక పత్రముల వ్యాపారమును గుఱించి. ఈ విషయమున ప్రశ్నాకర్తల కోపములో కొంత న్యాయము కలదు. శిక్షణ నిచ్చు ప్రసిద్ధ సంస్థలు విదేశములందు పుట్టినవి. ఒక విద్యను పది ముక్కలు చేసి, ముక్కకొక రుసుము, ముక్కకొక కార్డు నేర్పఱచినవారు వారిలో లేకపోలేదు. కార్డు మనిషిని కాపాడదు. 1992లో న్యూజెర్సీ తీరమున, 70 మీటర్ల లోతుననున్న యు-869 అను జర్మను జలాంతర్గామి శిథిలమునకు దిగిన తండ్రీకొడుకులు గుహలలో చక్కగా శిక్షణ పొందినవారే. అంత లోతున మత్తు కలిగించు వట్టి గాలినే పీల్చుచు దిగిరి. కొడుకు లోపల చిక్కుకొనెను. ఇరువురును ఆగవలసిన చోట్ల ఆగక పైకి వచ్చి మరణించిరి. శిక్షణ యున్నను మరణము తప్పలేదు గదా యని దీనిని జూపి వాదించువారు కలరు. కాని వారు శిక్షణ చెప్పినదానిని పాటించి చనిపోలేదు, మీఱి చనిపోయిరి. కార్డును శిక్షణను ఒక్కటిగా నెంచుటచేతనే ఈ వాదము పుట్టుచున్నది.

కావున మేము కోరునది మఱొక కార్డు కాదు. తెలిసినవాని కన్నుల యెదుట, లోతు లేని నీట, పలుమాఱులు చేసి చూపిన అభ్యాసమును మాత్రమే కోరుచున్నాము. దానిని బోధించువాడు విదేశ సంస్థవాడైనను, నౌకాదళమునుండి విరమించినవాడైనను మాకు భేదము లేదు. మన నౌకాదళమునకు కొచ్చిలో డైవర్ల పాఠశాల కలదు. డైవర్లకు ఆధారముగా నుండు నిస్తార్ అను ఓడను విశాఖపట్టణమందలి హిందూస్థాన్ షిప్‌యార్డువారే నిర్మింపగా 2025 జూలైలో అది దళమున చేరినది. విద్య మన దేశమున లేదనుటకు వీలు లేదు. అది సామాన్యునకు, అతని భాషలో, అందవలసియున్నది. తీరములందు పడవలు నడపుచు, సిలిండర్లు మోయుచు, క్రమముగా తామును నీట మునుగ నేర్చు బెస్తపిల్లలకు సముద్రమును గుఱించి మనము చెప్పవలసినది లేదు. నత్రజనిని గుఱించి చెప్పవలసినది చాల గలదు. ఇంగ్లీషు పుస్తకము చదువలేని బాలుడు చూచి నేర్చుకొనును; చూచి నేర్చినవానికి వాల్వు త్రిప్పుట వచ్చును గాని పట్టిక యేల పెట్టిరో తెలియదు. వానికి తెలుగున బోధింపవలసిన భారము వానిచే పని చేయించుకొను యజమానులది.

మన తీరములందు జంట సిలిండర్ల వాడుక ఇంకను అరుదే. ఆచారము కుదురకముందే నియమము పెట్టుట సుళువు. సిలిండర్లు అద్దెకిచ్చువారు, పడవ యెక్కించువారు తమలో తాము ఒప్పందము చేసికొని ఇంతమాత్రము అమలు జరుపవచ్చును: జంటను అడిగినవాని కార్డును చూచుటతో సరిపెట్టక, పూర్తి దుస్తులతో ఈతకొలనులోనికి దింపి, కండ్లు మూయించి, మూడు వాల్వులను ఒకదాని వెంట నొకటి మూసి తెఱువుమనవలెను, పిమ్మట అయిదు మీటర్ల నీటిలో అయిదు నిమిషములు కదలక నిలువుమనవలెను. చేయలేనివానికి ఆనాటికి ఒక్క సిలిండరే ఈయవలెను.