కంబం వికృతి కాదు

తెలుగు వ్యాకరణ పుస్తకాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు ప్రకృతి, కుడివైపు వికృతి. అందులో ‘స్తంభము – కంబము’ అన్న జంట తరచు కనబడుతుంది. తరతరాలుగా పిల్లలు దాన్ని వల్లె వేస్తున్నారు, పెద్దలు మార్కులు వేస్తున్నారు. ఆ జంట కుదరదనీ, దాన్ని అంటిపెట్టుకుని ఒక దురభిప్రాయం బతుకుతున్నదనీ చెప్పడానికే ఈ టపా.

మొదట ధ్వనుల సంగతి. సంస్కృతంలోని ‘స్త’ ప్రాకృతంలోకి వచ్చినప్పుడు ‘థ’ లేదా ‘త్థ’ అవుతుంది. స్తూపం ‘థూప’ అయింది, హస్తం ‘హత్థ’ అయింది. తెలుగులో పుస్తకం పొత్తమయింది. త వర్గం త వర్గంలోనే ఉండిపోయింది. ఆ లెక్కన స్తంభం ‘థంభ’ కావాలి. అయింది కూడా, ప్రాకృతంలో ఆ రూపం ఉంది. మరి కంబంలోని ‘క’ ఎక్కడిది?

వేదం వైపు చూడండి. అథర్వవేదం 10వ కాండ 7వ సూక్తం పేరే స్కంభ సూక్తం. సకల లోకాలనూ మోస్తున్న ఆధారాన్ని అక్కడ స్కంభమన్నారు. పాణిని కూడా 3.1.82 సూత్రంలో స్తంభు, స్కంభు ధాతువుల్ని విడివిడిగా చెప్పాడు. అంటే అవి రెండు మాటలు; ఒకటి మరొకదానికి చెడిన రూపం కాదు. ‘స్క’ ప్రాకృతంలో ‘ఖ’ అవుతుంది. స్కంధం ‘ఖంధ’ అయినట్టే స్కంభం ‘ఖంభ’ అయింది. తెలుగు నోట మహాప్రాణాలు తేలికపడ్డాయి. శంఖం సంకు అయినట్టు ‘ఖ’ కాస్తా ‘క’ అయింది, భాష బాస అయినట్టు ‘భ’ కాస్తా ‘బ’ అయింది. ఖంభ కంబమయింది. దారి తిన్నగా ఉంది, ఎక్కడా గెంతవలసిన పని లేదు.

“ప్రాకృత వ్యాకర్తలే ఖంభను స్తంభం నుంచి సాధించారు కదా” అని పండితమిత్రులు అడ్డు తగలవచ్చు. నిజమే. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు స్తంభ శబ్దంలోని ‘స్త’కు వికల్పంగా ‘ఖ’ వస్తుందన్నాడు. ఒక్క మాట కోసం ఒక సూత్రం! అన్ని మాటలకూ పనిచేసే నియమం ఒక్కచోట పనిచెయ్యకపోతే, ఆ మాటకు వేరే తల్లి ఉందేమోనని చూడాలి. వాడుకలో స్తంభం మిగిలి స్కంభం మరుగునపడింది గనుక కనబడిన తల్లికే బిడ్డను అంటగట్టారు. టర్నర్ 1960లలో వెలువరించిన హిందూ ఆర్యభాషల తులనాత్మక నిఘంటువు ఖంభను స్కంభం కిందనే చేర్చింది. మన పట్టికలకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

శాస్త్రం మాట అలా ఉంచి రాతిమీది సాక్ష్యం చూద్దాం. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటిది. అంటే క్రీ.శ. 3వ శతాబ్ది. మహాచైత్యపు తూర్పు ద్వారం దగ్గర ఐదు ‘ఆయక ఖంభా’లు నిలిపిన సంగతి అందులో ఉంది. నిలిపినవాడు రాజు కాదు, సిద్ధథుడనే పనివాడు. కృష్ణకు ఇవతల, మా పల్నాటి మాచర్ల దాపున ఉన్న నాగార్జునకొండ ఆయక స్తంభాల శాసనాల్లోనూ ‘ఖంభ’ శబ్దమే కనబడుతుంది. నన్నయకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ ముందే కృష్ణాతీరంలో రాతిపని చేసేవారి చేతిలో ఉన్న మాట ఇది. పండితుల సంస్కృతాన్ని పలకలేక పామరులు చెడగొట్టిన మాట కానే కాదు.

ఇంతమాత్రాన అచ్చతెలుగు అభిమానులు సంబరపడవద్దు. కంబం పదహారణాల తెలుగు మాటనీ, దాన్నే సంస్కృతం స్తంభంగా మార్చుకున్నదనీ వాదించేవారిని కూడా చూశాను. ఆ వాదానికి పైన చెప్పిన శాసనాలే జవాబు. అది ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది, హిందీ ‘ఖంభా’కు తోబుట్టువు. సంస్కృతాభిమానీ, అచ్చతెలుగు అభిమానీ చేస్తున్నది ఒకే పని. ఇద్దరూ మాటను గుమ్మం బయట నిలబెట్టి కులగోత్రాలు అడుగుతున్నారు. మాట పుట్టుక తెలుసుకోవడం వేరు, పుట్టుకను బట్టి పీట వేయడం వేరు.

‘వికృతి అంటే మార్పు చెందినదని మాత్రమే అర్థం, అందులో చులకన లేదు’ అని ఒక సమాధానం వినబడుతుంది. పుస్తకంలో ఉండకపోవచ్చు, తరగతి గదిలో ఉంది. మా బంధువుల పిల్ల ఒకతె పరీక్షలో ‘కంబం’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘స్తంభం’ అని దిద్దారు. తెలంగాణ మిత్రులు ‘కరెంటు కంబం’ అంటే మావైపు వాళ్ళు నవ్వడం నేను చూశాను. నవ్వేవారి నోట ఉన్నది స్తంభం గనుక వారిది శుద్ధభాష, నవ్వించుకున్నవారిది మోటు భాష! అథర్వవేదం దాకా వంశం ఉన్న మాటకు దక్కిన మర్యాద ఇది. అసలు అంత వంశం లేకపోయినా నవ్వే హక్కు ఎవరికీ లేదు.

నష్టం కంబంతో ఆగితే ఇంతగా వాదించేవాణ్ణి కాదు. స్తంభం ఒక్కటే గౌరవమైన మాట అనుకోవడంవల్ల మిగిలిన నిలువు మాటలన్నీ వెనక్కి పోతున్నాయి. మా చిలకలూరిపేట వైపు పూరింటి వెన్నుదూలాన్ని మోసేది నిట్రాట. పందిరికి పాతేది రాట. గొడ్డును కట్టేది గుంజ. కాయల బరువుకు వంగిన కొమ్మకు ఊతగా పెట్టేది పంగలకర్ర. గుడి ముందు ఉండేది గరుడగంబం. గుంజ ఊడితే గేదె పోతుంది, నిట్రాట విరిగితే ఇల్లే పోతుంది. ఈ తేడాను ఒక్క మాటలో చెప్పగల భాషను చేతులారా మొండి చేసుకుని, అన్నిటికీ స్తంభమనో పిల్లర్ అనో ఒకే చీటీ అంటిస్తున్నాం.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పురుషోత్తమపట్నం, కావూరు వంటి మా చుట్టుపక్కల ఊళ్ళు కట్టే ప్రభలను చూసినవారికి నా బాధ తెలుస్తుంది. అంతెత్తు ప్రభను లేపి నిలబెట్టేటప్పుడు మోసే కొయ్య, బిగించే తాడు, ఆనించే కర్ర, దేని పని దానిదే. అక్కడ నిలబడి అన్నిటినీ ‘స్తంభం’ అని కేకవేస్తే ఎవరు దేన్ని పట్టుకోవాలి? పనిచేసే చోట మాట తప్పితే మనుషుల మీద పడుతుంది. అందుకే పనివారు మాటల్ని వేరువేరుగా ఉంచుకున్నారు. పెళ్ళికి ఇనపగొట్టాల టెంటు వేయించుకునేవారు కూడా ముహూర్తం చూసి పందిరిరాట వేస్తున్నారంటే, పని ఉన్న మాట ఎంత మొండిగా బతుకుతుందో చూడండి.

నేను కోరేవి రెండే. పాఠ్యపుస్తకాల్లో స్తంభము – కంబము జంటను తీసివేసి, స్కంభం, ఖంభ, కంబం అన్న వరుసను పెట్టాలి. వికృతి అన్న మాటకు బదులు తద్భవం అనవచ్చు. ఆ పేరు మనకు ఉండనే ఉంది. రెండవది మనందరి పని. ఏ ఊళ్ళో ఏ నిలువుకొయ్యను ఏమంటారో, అది ఏ పని చేస్తుందో, ఇంకా పూరిళ్ళు కట్టిన చేతులు ఉండగానే అడిగి రాసిపెట్టుకోవాలి.

మన శాస్త్రకారులు స్థూణానిఖనన న్యాయమని ఒకటి చెప్పారు. గుంజను పాతేవాడు దాన్ని మళ్ళీ మళ్ళీ కదిపి చూస్తాడు, గట్టిగా దిగిందో లేదో తెలియాలి గనుక. నా వాదాన్నీ అలాగే కదిపి చూడండి. కంబానికి స్తంభమే తల్లి అని ఇంకా అనేవారు, ఆ ‘క’ ఎలా వచ్చిందో హేమచంద్రుని ఒంటరి సూత్రం సాయం లేకుండా చెప్పాలి.