గాలి రాయలసీమది, లాభం ఎవరిది? గాలిమరల కాగితం మీద సంతకం పెట్టే ముందు

మల్కాజ్‌గిరి: "బేటా, నువ్వు బీకాం చదివావు కదా, ఈ కాగితం ఒకసారి చూడు" అంటూ గుత్తి దగ్గర ఊళ్లో ఉండే మా మామూ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. ఆయన మెట్ట పొలంలో కొంత భాగం గాలిమర కోసం ఇవ్వాలని ఒక మధ్యవర్తి తెచ్చిన అగ్రిమెంట్ అది. ఎనిమిది పేజీలు, మొత్తం ఇంగ్లీషు. మామూకి తెలుగు, ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. కానీ ఆయన సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా పెన్సిల్‌తో టిక్కు మాత్రం పెట్టి ఉంది.

ఇలాంటి కాగితం ఈ రోజుల్లో మామూ ఒక్కరికే రావడం లేదు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప జిల్లాల్లో గాలి, సోలార్ ప్రాజెక్టుల జోరు మళ్లీ పెరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబర్‌లో కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 160 గిగావాట్లకు పైగా కెపాసిటీ, 10 లక్షల కోట్ల పెట్టుబడి దాని లక్ష్యాలు. 2025 మే నెలలో అనంతపురం జిల్లా బేతపల్లిలో రెన్యూ కంపెనీ హైబ్రిడ్ ప్రాజెక్టుకి మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి ఆ జిల్లాల్లో పుట్టిల్లో, అత్తారిల్లో, తాతల నాటి పొలమో ఉంది. అందుకే ఈ విషయం ఇక్కడ కూర్చుని కూడా అర్థం చేసుకోవాలి.

ఒకప్పుడు ఒకే డిస్కం

మల్కాజ్‌గిరికీ అనంతపురం గాలికీ ఏం సంబంధం అని కొందరు అడగొచ్చు. 2014 జూన్ 2కి ముందు సంబంధం నేరుగానే ఉండేది. హైదరాబాద్ హెడ్ ఆఫీసుగా పనిచేసిన సెంట్రల్ డిస్కం పరిధిలోనే హైదరాబాద్, రంగారెడ్డితో పాటు కర్నూలు, అనంతపురం జిల్లాలు కూడా ఉండేవి. రాష్ట్ర విభజన చట్టం ఆ రెండు జిల్లాలను విడదీసి తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్ డిస్కంలో కలిపింది. అంటే మన ఇంటి మీటర్ తిప్పిన డిస్కమే అక్కడి గాలిమరల కరెంటు కూడా కొనేది.

విభజనతో గాలి దాదాపు మొత్తం అటువైపు పోయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 4,100 మెగావాట్ల పవన విద్యుత్ కెపాసిటీ ఉంది. తెలంగాణలో 128 మెగావాట్లే.

అయితే తెలంగాణలో గాలి లేదని కాదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ లెక్క ప్రకారం 120 మీటర్ల ఎత్తులో తెలంగాణ సామర్థ్యం సుమారు 25 గిగావాట్లు. ఎత్తు 150 మీటర్లకు పెంచితే అదే 54 గిగావాట్లు దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 75 నుంచి 123 గిగావాట్లకు పెరుగుతుంది. ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. వేగం రెండింతలైతే గాలిలో ఉండే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. 150 మీటర్లంటే కుతుబ్ మినార్ మీద ఇంకో కుతుబ్ మినార్ నిలబెట్టినంత ఎత్తు. అంత ఎత్తు టవర్లు కట్టే టెక్నాలజీ వచ్చింది కాబట్టే, నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని పొలాల దగ్గరికి ఇవాళ మధ్యవర్తులు వస్తున్నారు.

రామగిరితో మొదలు

గాలితో పని చేయించుకోవడం కొత్త సంగతేం కాదు. ఇరాన్‌లోని ఖొరాసాన్ ప్రాంతంలో నష్తిఫాన్ అనే ఊళ్లో మట్టి, కలపతో కట్టిన పాత గాలిమరలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ ప్రాంతాల్లో వెయ్యేళ్ల కిందటే గాలితో పిండి విసిరేవారు. ఇక మనవాళ్లు చాలామంది పనిచేసే సౌదీలో దూమత్ అల్ జందల్ దగ్గర 99 మరలతో 400 మెగావాట్ల గాలి ప్లాంటు నడుస్తోంది. నూనె పుట్టే దేశం కూడా గాలి వైపు చూస్తోందంటే దాని ఖర్చు ఎంత తగ్గిందో ఆలోచించండి.

మన దగ్గర కథ 1990లలో అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద మొదలైంది. అప్పటి మరల కెపాసిటీ కిలోవాట్లలో ఉండేది. ఇప్పటివి ఒక్కొక్కటి 2, 3 మెగావాట్లు. ఆ పాత మరలు చాలావరకు తర్వాత మూలనపడ్డాయి. మొదట్లో పెట్టుబడిదారులకి ముఖ్యమైన ఆకర్షణ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో దొరికే తరుగుదల మినహాయింపు. మర పెట్టిన ఏడాదే పన్ను మిగిలిపోతే, పదేళ్ల తర్వాత అది తిరుగుతోందా లేదా అని చూసే తొందర ఎవరికుంటుంది? కామర్స్ క్లాసులో డిప్రిసియేషన్ చాప్టర్ చదివినప్పుడు నాకు ఇది తట్టలేదు. రైల్లో వెళ్తూ కిటికీలోంచి కదలకుండా నిలబడ్డ రెక్కలు చూసినప్పుడు తట్టింది.

2015లో ఆంధ్రప్రదేశ్ కొత్త పవన విద్యుత్ పాలసీ ప్రకటించింది. ఐదేళ్లలో 4,000 మెగావాట్లు లక్ష్యం. ఇప్పుడున్న కెపాసిటీలో ఎక్కువ భాగం ఆ రెండు మూడేళ్లలో వచ్చిందే. గొడవ కూడా అక్కడే మొదలైంది.

4.84, 2.43: ఈ రెండు అంకెల మధ్య

విద్యుత్ నియంత్రణ మండలి 2016-17లో గాలి కరెంటుకి నిర్ణయించిన రేటు యూనిట్‌కి 4 రూపాయల 84 పైసలు. డిస్కంలు 25 ఏళ్లకి ఒప్పందాలు రాసుకున్నాయి. కానీ 2017లో కేంద్రం వేలం పద్ధతి తెచ్చింది. ఫిబ్రవరిలో జరిగిన మొదటి వేలంలో రేటు 3.46కి దిగింది. అక్టోబర్‌లో 2.64. డిసెంబర్‌లో గుజరాత్ వేలంలో ఏకంగా 2.43.

2019లో అధికారంలోకి వచ్చిన వైఎస్ జగన్ ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడటానికి జులై 1న జీవో 63తో కమిటీ వేసింది. గాలి కరెంటుకి 2.43కి ఒప్పుకోండి, లేదంటే ఒప్పందం రద్దు చేస్తామని కంపెనీలకి లేఖలు వెళ్లాయి. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. 2019 సెప్టెంబర్ 24న సింగిల్ జడ్జి ఆ జీవోను, లేఖలను కొట్టేశారు. అయితే రేటు విషయం నియంత్రణ మండలి తేల్చేదాకా తాత్కాలికంగా 2.43 చొప్పున చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని కూడా పక్కనపెట్టి, ఒప్పందంలో రాసుకున్న రేటే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో చెల్లించాలని తీర్పు చెప్పింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2 మెగావాట్ల మర ఒకటి, ఏడాదిలో తన పూర్తి కెపాసిటీలో నాలుగో వంతు పనిచేసిందనుకుందాం. సీమ గాలికి ఇది ఇంచుమించు సరైన అంచనా. అప్పుడు ఏడాదికి 43 లక్షల 80 వేల యూనిట్లు వస్తాయి. 4.84 చొప్పున 2 కోట్ల 12 లక్షలు. 2.43 చొప్పున కోటి 6 లక్షలు. అంటే ఒక్క మర మీద ఏడాదికి కోటి రూపాయలకు పైగా తేడా. అలాంటి మరలు వందల్లో ఉన్నాయి, ఒప్పందం 25 ఏళ్లు.

రెండు వైపులా న్యాయం కొంత ఉంది. డిస్కం ఎక్కువ రేటుకి కొంటే ఆ భారం ట్రూ అప్ ఛార్జీల రూపంలోనో, సబ్సిడీ రూపంలోనో చివరికి మన మీదే పడుతుంది. జీరో బిల్లు వచ్చిందంటే కరెంటు ఊరికే వచ్చిందని కాదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా మన తరఫున ప్రభుత్వం డిస్కంకి కడుతోంది, అదీ మన పన్నే. మరోవైపు, బ్యాంకు లోను 4.84 రేటు చూసి ఇచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా రాసిచ్చిన మాట మారితే, తర్వాత వచ్చే ఇన్వెస్టర్ ఆ రిస్కుని కూడా రేటులో కలిపి అడుగుతాడు. పైగా 2.43 అనేది ఒక వేలంలో పడిన అడుగు రేటు. ఆ తర్వాతి వేలాల్లో గాలి రేటు మళ్లీ 3 రూపాయలు దాటింది. అడుగు రేటుని అందరికీ న్యాయమైన రేటు అనడం కుదరదు. నా ఉద్దేశంలో అసలు తప్పు 2019కి ముందే జరిగింది. వేలం పద్ధతి వస్తోందని కనిపిస్తున్నా, పాత రేటుకే హడావుడిగా ఒప్పందాలు రాసుకోవడం ఆ తప్పు.

గాలికాలం వేరు, మన అవసరం వేరు

సీమలో గాలి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గట్టిగా వీస్తుంది. ఆషాఢ మాసం గాలి సంగతి అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తెలంగాణలో కరెంటు వాడకం పతాకస్థాయికి చేరేది మాత్రం యాసంగి పంటకి బోర్లు నడిచే ఫిబ్రవరి, మార్చిలో. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లు దాటింది. అంటే మనకి ఎక్కువ కావాల్సినప్పుడు గాలి తక్కువ, గాలి ఎక్కువ ఉన్నప్పుడు మన అవసరం తక్కువ.

అందుకే ఇప్పటి ప్రాజెక్టులు గాలి ఒక్కటే కాకుండా సోలార్, బ్యాటరీ కలిపి వస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ఆలోచన కూడా ఇదే. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. కానీ ఇది రోజులో గంటల తేడాని సర్దుతుంది. జులై గాలిని మార్చి దాకా దాచలేదు. తెలంగాణ 2025లో ప్రకటించిన పాలసీ 2030 నాటికి 20,000 మెగావాట్ల కొత్త గ్రీన్ కెపాసిటీ అంటోంది. అందులో గాలి వాటా ఎంత పెట్టుకోవాలో ఈ క్యాలెండర్ చూసుకుని నిర్ణయించాలి.

'బంజరు' అని రాసిన చోట

మన ప్రసంగాల్లో, పేపర్లలో తక్కువ మాట్లాడేది భూమి గురించి. ఒక్క మర కింద పోయే నేల తక్కువే. కానీ క్రేన్లు, పొడవైన రెక్కలు కొండెక్కాలంటే వెడల్పు రోడ్లు వేయాలి, గుట్ట కోయాలి, వైర్లు లాగాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి ప్రాజెక్టులు లేవు. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ అనే మెట్టే ఉండదు.

దీని ఫలితం అనంతపురం జిల్లా కల్పవల్లి చూపించింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి గ్రామస్థులు 1990ల మొదటి నుంచి సుమారు 7 వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడి, గడ్డి, చెట్లు పెంచారు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరుగానే మిగిలింది. అక్కడికి 50.4 మెగావాట్ల నల్లకొండ గాలి ప్రాజెక్టు వచ్చింది. రోడ్ల కోసం గుట్టలు కోయడంతో గడ్డి, నీటి ఊటలు దెబ్బతిన్నాయని, గొర్రెల కాపరులకి మేత పోయిందని గ్రామస్థులు, పర్యావరణ సంస్థలు చెప్పాయి. వ్యవహారం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. క్లీన్ ఎనర్జీ మంచిదే. కానీ గొర్రెలు మేపుకునేవాడి నోటి కూడు తీసి చేస్తే అది క్లీన్ ఎలా అవుతుంది?

ఇందులో మనకి ఇంకో కోణం ఉంది. సీమలో దర్గాలకి, మసీదులకి, ఆషూర్‌ఖానాలకి ఇచ్చిన ఇనాం, వక్ఫ్ భూములు ఊరూరా ఉన్నాయి. వాటిలో చాలావరకు మెట్ట నేలలే. వక్ఫ్ భూమి అమ్మడానికి కుదరదు. బోర్డు అనుమతి లేకుండా ముతవల్లి ఒక్కడే దీర్ఘకాల లీజు రాసివ్వలేడు. కానీ చట్టబద్ధంగా లీజు జరిగితే ఆ ఆదాయం ఊరి మదర్సాకి, వితంతువులకి ఉపయోగపడొచ్చు. నిద్రపోతే మాత్రం గుట్ట కింద రోడ్డు పడ్డాక తెలుస్తుంది.

సంతకానికి ముందు

మామూకి నేను చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. అగ్రిమెంట్ తెలుగు కాపీ అడగండి, ఇవ్వనంటే ఆగండి. అది అమ్మకమా, లీజా, లేక 'ఆప్షన్' మాత్రమేనా చూడండి. ఆప్షన్ అయితే మర రాకపోయినా ఏళ్ల తరబడి పొలం ఇరుక్కుపోతుంది. లీజు అయితే రేటు ఎన్నేళ్లకోసారి పెరుగుతుందో రాయించండి. పైన లెక్క చూశారు కదా, తక్కువ రేటుకైనా ఒక మర ఏడాదికి కోటి దాటి తెస్తుంది. కంపెనీకి మెషీన్, అప్పు, మెయింటెనెన్స్ ఖర్చులున్నాయి, నిజమే. అయినా బేరం ఆడే చోటు ఉందని ఆ అంకె చెబుతోంది. రోడ్డుకి, వైర్లకి పోయే నేల విడిగా లెక్కలో ఉండాలి. పాతికేళ్ల తర్వాత మరని, దాని కింది కాంక్రీటుని ఎవరు తీస్తారో రాసి ఉండాలి. రామగిరిలో నిలిచిపోయిన మరల్ని చూశాక ఈ ప్రశ్న అడగకుండా ఉండలేం.

పట్టా ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి. అసైన్డ్ భూమి అయితే అమ్మకం మీద 1977 చట్టం ఆంక్షలు ఉన్నాయి. సర్వే నంబర్ 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. తాతల ఆస్తి అయితే అక్కచెల్లెళ్ల హిస్సా మర్చిపోకండి. మా మామూ కాగితంలో మా అమ్మీ పేరు, ఖాలా పేరు ఎక్కడా లేదు. ఆ పొలంలో వాళ్లకి వాటా ఉందని షరీయత్ చెబుతుంది, మధ్యవర్తికి చెప్పాల్సింది మనమే.

మామూ ఇంకా సంతకం పెట్టలేదు. తెలుగు కాపీ కావాలని అడిగారు. వారం అయింది, మధ్యవర్తి ఫోన్ ఎత్తడం లేదట. "గాలి ఎక్కడికి పోతుంది బేటా, మళ్లీ ఆషాఢానికి వస్తుంది, వాళ్లూ వస్తారు" అని మామూ నవ్వారు. అప్పటికి ముగ్గురి పేర్లతో పాస్‌బుక్ కాగితాలు సరిచేసుకోవాలని ఇంట్లో అనుకున్నాం.