గోడలు దిద్దిన ఆట

ఆటల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా గెలిచినవారి పేర్లు వ్రాయుదురు. గెలుపుల లెక్కలు వ్రాయుదురు. ఆట జరిగిన చోటును గూర్చి ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. ఆట ముందు, మందిరము వెనుక అని వారి తలంపు కాబోలు. కాని కొన్ని ఆటల విషయమున మందిరమే ముందు వెలసి, ఆటను తనకు తగినట్లు దిద్దుకొన్నది. ఇందుకు కెనడా దేశపు ఐస్ హాకీని మించిన నిదర్శనము అరుదు.

మన దేశమున హాకీ యనగా మైదానము, వంకర కర్ర, బంతి తలపునకు వచ్చును. కెనడాలో హాకీ యనగా గడ్డకట్టిన నీటిపై ఆడెడి ఆట. ఉక్కు అంచుగల స్కేట్లు తొడుగుకొని ఆటగాండ్రు మంచుపై జారుచు, పొడవైన కర్రలతో ‘పక్’ అనెడి చదునైన బిళ్ళను ఎదుటివారి గోలులోనికి కొట్టుదురు. ఈ ఆట నదులపైన, చెరువులపైన పెరిగినది. అక్కడ హద్దులు లేవు, ఇందరే ఆడవలెనను నియమము లేదు, వచ్చినవారెల్ల ఆటగాండ్రే.

ఈ స్థితిని మార్చినది 1862లో మాంట్రియల్ నగరమున తెరచిన విక్టోరియా స్కేటింగ్ రింకు. అది హాకీ కొరకు కట్టినది కాదు. చలికాలమున నగరవాసులు హిమపాతపు బాధ లేకుండ స్కేటింగు చేసి వినోదించుటకు కట్టుకొన్న పెద్ద సాల. కమాను వంపు తిరిగిన కప్పు క్రింద 204 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు గల మంచుతలము. రాత్రివేళ గ్యాసు దీపముల వెలుగు. 1875 మార్చి 3వ తేదీన జేమ్స్ క్రైటన్ పూనికపై అచ్చట పక్షమునకు తొమ్మిదిమంది చొప్పున రెండు జట్లు ప్రేక్షకుల ఎదుట పోటీ ఆడినవి. నాలుగు గోడల నడుమ పద్ధతి ప్రకారము జరిగిన మొదటి ఐస్ హాకీ పోటీగా దానిని చరిత్రకారులు ఎంచుచున్నారు.

ఆనాటి ఏర్పాట్లలో గోడల శాసనము స్పష్టముగా కానవచ్చును. నదిపై వలె గుంపులుగా ఆడుటకు చోటు చాలదు. కావున ఆటగాండ్ర సంఖ్య నిర్ణయింపబడెను. బంతి ఎగిరి చూపరులకు తగులునను భయము కలదు. కావున మంచును విడిచి పైకి లేవని చదునైన కొయ్యబిళ్ళను వాడిరి. నేటి రబ్బరు పక్కునకు అది పూర్వరూపము. ఆ సాల కొలతలు సైతము ఆటను విడువలేదు. నేటి నేషనల్ హాకీ లీగు రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. వినోదము కొరకు కట్టిన సాల ఆటకు కొలబద్ద అయినది!

గోడలు అమరినవి గాని, మంచు ఇంకను ప్రకృతి దయపైననే ఆధారపడెను. చలి సడలినచో ఆట ఆగవలసినదే. ఈ చిక్కునకు విరుగుడు యంత్రము. 1876లో జాన్ గామ్జీ లండన్‌లోని చెల్సీ ప్రాంతమున యంత్రసహాయముచే మంచు గట్టించిన గ్లేషియేరియమ్‌ను తెరచెను. నేలలో గొట్టములు పరచి, వానిలో మిక్కిలి చల్లని ద్రవమును ప్రవహింపజేసినచో, అది నేలలోని వేడిని గ్రహించి కొనిపోవును; పైన పోసిన నీరు పొరలు పొరలుగా గడ్డకట్టును. ఉప్పునీరు సున్న డిగ్రీలకు దిగువను సైతము ద్రవముగా నిలుచును గనుక తర్వాతి రింకులలో దానిని విరివిగా వాడిరి. కెనడా పశ్చిమతీరమున చలి తక్కువ. అట్టిచోట లెస్టర్ పాట్రిక్, ఫ్రాంక్ పాట్రిక్ సోదరులు 1911లో వాంకూవర్, విక్టోరియా నగరములందు కృత్రిమ మంచుగల మందిరములు కట్టించిరి. నాలుగేండ్లు తిరుగకముందే, 1915లో, వాంకూవర్ జట్టు తన మందిరముననే స్టాన్లీ కప్పును గెలుచుకొనెను. చెరువు గడ్డకట్టని ఊరికి ఆ ఆటను తెచ్చినది మందిరమే.

అయినను ఆ కట్టడముల ఆయువు అల్పము. 1918 జనవరిలో మాంట్రియల్ అరీనా కాలిపోగా, దానిని నమ్ముకొన్న వాండరర్స్ జట్టు ఆ యేటనే అంతరించెను. విక్టోరియా నగరపు మందిరము 1929లో, వాంకూవర్ మందిరము 1936లో అగ్నికి ఆహుతియైనవి. ఇల్లు పోయిన జట్టు నిలువదని వాండరర్స్ కథ చెప్పుచున్నది.

తరువాత వచ్చిన పెద్ద మందిరములు ప్రజాజీవితమున భాగములైనవి. 1937లో హోవీ మోరెంజ్ అను మేటి ఆటగాడు మరణించినప్పుడు, అతని అంతిమ ప్రార్థన జరిగినది 1924లో తెరచిన మాంట్రియల్ ఫోరమ్ మందిరముననే. టొరాంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్ ఆర్థికమాంద్యపు దినములలో, 1931లో, సుమారు అయిదు నెలలలో లేచినది. పనివారు కూలిలో కొంత భాగమునకు బదులు కంపెనీ వాటాలను పుచ్చుకొనిరి. అట్టి మందిరమును ఎవరి సొత్తనవలెను?

1990 తర్వాతి దశాబ్దమున ఇవి వరుసగా మూతపడినవి: చికాగో స్టేడియము 1994లో, బోస్టన్ గార్డెన్ 1995లో, ఫోరమ్ 1996లో, మేపుల్ లీఫ్ గార్డెన్స్ 1999లో. ఎక్కువ ఆసనములు, ధనికులకు ప్రత్యేక గదులు, వానివలన ఎక్కువ రాబడి కావలసివచ్చినవి. బోస్టన్ గార్డెన్ మంచుతలము 191 అడుగుల పొడవు, 83 అడుగుల వెడల్పు మాత్రమే. ఆ ఇరుకున ఒరసికొని ఆడు పద్ధతికి బోస్టన్ జట్టు పేరుగాంచినది. మందిరముతో పాటు ఆ తీరును కొంత గతించినది. బోస్టన్‌లోనే 1910లో తెరచిన మరియొక మందిరమున, ఐస్ హాకీ మందిరములలో ప్రాచీనతకు పేరొందిన దానిలో, 2025 డిసెంబరున చివరి పోటీ జరిగినది.

పాతదెల్ల నిలుపవలెనని వాదించుట న్యాయము కాదు. పునాది క్రుంగిన కట్టడమున వేలమందిని కూర్చుండబెట్టరాదు. కాని కూల్చుట యొక్కటే మార్గమనుటయు సత్యము కాదు. మేపుల్ లీఫ్ గార్డెన్స్ గోడలు నిలిచినవి. క్రింద సరుకుల అంగడి, పైన విశ్వవిద్యాలయపు క్రీడాశాల వెలసినవి; అక్కడ మంచు మరల గట్టినది. అంగడి నేలపై పూర్వపు మంచుతలపు నడిమి బిందువును ఎఱ్ఱని చుక్కతో గుర్తించిరి. ఉప్పుపప్పులు కొనవచ్చినవాడు సైతము ఆ చుక్కను చూచి ఒక్క క్షణమాగి చరిత్రను తలంచుకొనగలడు. కట్టడమునకు క్రొత్త పని చూపినచో దాని ప్రాణము నిలుచునని ఇందువలన తేలుచున్నది.

నిలుపలేని చోట చేయవలసిన కనీసధర్మ మొకటి కలదు: కూల్చకముందే కొలువవలెను, చిత్రింపవలెను, వ్రాసియుంచవలెను. విక్టోరియా రింకు కొలతలు ఎవరో వ్రాసియుంచబట్టియే, ఒక ఆట ఆకృతికి కారణము నేడు తెలియుచున్నది. ఈ పనికి ధనికులు అక్కరలేదు. కొలత టేపు, నోటుపుస్తకము గల విద్యార్థులు, వారికి దారి చూపు ఉపాధ్యాయులు చాలుదురు. ఊరి వ్యాయామశాల, పాత నాటకశాల, బడి ఆటస్థలము — వీని కొలతలను, కథలను పెద్దల నడిగి వ్రాయుట చరిత్రపాఠమునకు మంచి ఆరంభము. గెలిచినవారి పేర్లు కప్పులపై చెక్కియుండును. గోడల పేర ఎవరైన ఒకరు పూనుకొని వ్రాయవలసినదే.